నైలీవ్ జలపాతం

2000వ సంవత్సరానికి అటూ ఇటూ ఒంగోలు కంప్యూటర్ సెంటర్లలో పొద్దుపుచ్చినవాళ్ళని ఎవర్ని కదిపినా ముందు ఐజీఐ ఆట పేరు చెప్తారు. తర్వాత రోడ్ రాష్, కౌంటర్ స్ట్రైక్. ఇంకాస్త ముందు తరమైతే డేవ్, ప్రిన్స్. వీటికి ఇప్పటికీ అభిమానులున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో ఆ బొమ్మలు తిరుగుతూనే ఉంటాయి. అన్‌రియల్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నేనే ఎత్తితే, "ఆ, టోర్నమెంటు కదా, అవతలోళ్ళ జెండా ఎత్తుకొచ్చేది" అంటారు. అది తమ్ముడు, 1999 చివర్లో వచ్చింది. నేను చెప్పేది 1998 మే నెలలో వచ్చిన అన్న గురించి. జెండాలు, జట్లు లేకుండా ఒక్కరే కూచుని ఆడుకునేది. కొత్త గ్రహం మీద దారి తెలియకుండా తిరిగేది.

లాయర్‌పేటలో ఒక మేడమీద సెంటరుండేది. కింద ఎస్టీడీ బూతు, జిరాక్సు. పైన వరసగా అసెంబుల్డ్ సిస్టమ్స్, సెలెరాన్ ప్రాసెసర్లు, మెషీనుకి 32 ఎంబీ ర్యామ్. ఒక మూల నెట్, దానికి రేటు ఎక్కువ. గేమ్స్‌కి తక్కువ. సెంటర్ నడిపే అన్న పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళి, రిచీ స్ట్రీట్‌లో కావలసిన బోర్డులూ కార్డులూ కొనుక్కుని, అదే పినాకినిలో రాత్రికి తిరిగొచ్చేవాడు. ఆ సంచిలోనే కాపీ సీడీలు కూడా ఉండేవి, మార్కర్ పెన్నుతో పేర్లు రాసి. అన్‌రియల్ మాకు అట్టా వచ్చింది. విడుదలైన రెండేళ్ళకి. అప్పటికి దాని గొప్ప గురించి రాయాల్సినవాళ్ళు రాయడం కూడా అయిపోయింది, ఆ సంగతి మాకెవరికీ తెలీదు.

గేమ్ తెరవగానే మెనూ రాకముందే ఒక కోట కనిపిస్తుంది. కెమెరా దాని చుట్టూ గాల్లో తిరుగుతుంది. బురుజుల పక్కనుంచి, మంటల వెలుగులోంచి, లోపలికి వెళ్ళి, నేలమీద ప్రతిబింబాల మీదుగా మళ్ళీ బయటికి. ఆడకపోయినా అది అట్టాగే నడుస్తూ ఉంటుంది. కొత్త సిస్టమ్ కొనేందుకు ఎవరైనా వస్తే అన్న ఈ కోటనే పెట్టి చూపించేవాడు. పొగాకు వేలంలో నాలుగు డబ్బులు కళ్ళజూసి కొడుక్కి కంప్యూటర్ కొందామని టంగుటూరు నుంచో కొండపి నుంచో వచ్చిన పెద్దాయన, ఆ కోట చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యేదాకా మాట్లాడేవాడు కాదు. "ఇదంతా పెట్టెలోనే ఉందా?" అని మాత్రం అడిగేవాడు.

కథ చిన్నది. ఖైదీల్ని మోసుకెళ్ళే వోర్టెక్స్ రైకర్స్ అనే అంతరిక్ష నౌక నాపాలీ అనే గ్రహం మీద కూలిపోతుంది. అందులో 849 నంబరు ఖైదీ గది తలుపు ఎట్టాగో తెరుచుకుంటుంది. ఆ ఖైదీయే మనం. పేరుండదు. మొదట చేతిలో ఆయుధమూ ఉండదు. చీకటి వరండాలు, గోడల మీద నెత్తురు, మూసిన తలుపు అవతల ఎవరో చచ్చిపోతున్న కేకలు. షూటింగ్ గేమ్ అని గంటకు డబ్బులు కట్టి కూచున్నవాడికి చాలాసేపు కాల్చడానికి ఏమీ దొరకదు. దీంతోనే సగం మంది లేచిపోయి పక్క సిస్టమ్‌లో రోడ్ రాష్ ఎక్కేవాళ్ళు.

ఓపిక పట్టినవాడికి నౌక తలుపు తెరుచుకుంటుంది. అక్కడిదాకా మేం ఆడిన షూటింగ్ గేమ్స్ అన్నీ గదులు, సందులు, సొరంగాలు. ఆకాశం ఉన్నా అతికించిన పటమే. ఇక్కడ తలుపు దాటగానే మీద నిజంగా ఆకాశం, అందులో కదిలే మబ్బులు. ఎదురుగా లోయ. లోయ అవతల కొండమీంచి జారిపడే జలపాతం, కింద మడుగు, పైన తిరిగే పక్షులు. ఆ ఘట్టం పేరు నైలీవ్స్ ఫాల్స్. మేం నైలీవ్ జలపాతం అనేవాళ్ళం. అంచుమీద నిలబడి చూస్తుంటే కాల్చాలన్న సంగతే గుర్తుండేది కాదు.

వెనకనుంచి అన్న గొంతు వినపడేది. "ఏంది తమ్ముడూ, నీళ్ళు చూస్తా నిలబడ్డావ్? గంటైపోద్ది."

అయిపోయేది. మళ్ళీ కట్టేవాణ్ణి.

ఇది మా ఊరివాళ్ళకి వేరే తీరుగా పట్టిందని నా నమ్మకం. నాగార్జునసాగర్ కుడికాలవ నీళ్ళతో చెరువులు నింపిపెట్టుకుని ఎండాకాలం నెట్టుకొచ్చే ఊరు ఒంగోలు. రెండు మూడు రోజులకోసారి కుళాయి వస్తుంది, వచ్చినప్పుడు బిందెలు, బకెట్లు, సింటెక్సు ట్యాంకు అన్నీ నింపుకోవాలి. గుండ్లకమ్మలో వానాకాలం తప్ప పారే నీళ్ళు చూసింది లేదు. కొత్తపట్నం వెళ్తే సముద్రముంది, తాగేందుకు పనికిరాదు. అట్టాంటి ఊళ్ళో, రోహిణి కార్తెలో, మేడమీద రేకుల గదిలో, టేబుల్ ఫ్యాన్ ముందు చొక్కా బొత్తాం విప్పుకుని కూచున్న కుర్రాడి ఎదుట ఎవరూ ఆపకుండా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఈ ఆట రాసినవాళ్ళు ఆ జలపాతాన్ని ఆటని నడిపే తమ ఇంజిన్ ప్రోగ్రామ్ బలం చూపడానికి పెట్టుంటారు. మాకది ఇంకొకందుకు పనికొచ్చింది.

ఆ రాసినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. టిమ్ స్వీనీ అనే కుర్రాడు 1991లో మేరీల్యాండ్ రాష్ట్రంలో అమ్మానాన్నల ఇంట్లోనే మొదలుపెట్టిన కంపెనీ అది. తర్వాత ఎపిక్ మెగాగేమ్స్ అయింది, ఇప్పుడు ఎపిక్ గేమ్స్. కెనడాలోని డిజిటల్ ఎక్స్‌ట్రీమ్స్‌తో కలిసి అన్‌రియల్‌ని తయారుచేయడానికి ఏళ్ళు పట్టింది. ఇంజిన్ స్వీనీ రాశాడు. కెనడా వైపునుంచి జేమ్స్ ష్మాల్జ్, ఇటునుంచి అప్పటికి ఇరవై మూడేళ్ళు నిండిన క్లిఫ్ బ్లెజిన్‌స్కీ రూపకల్పన చూశారు. శత్రువుల బుర్ర రాసింది స్టీవ్ పోల్జ్. క్వేక్ ఆటకి సరదాగా రీపర్ బాట్ అనే కంప్యూటర్ ప్రత్యర్థిని తయారుచేసి వదిలినవాడు, అది చూసే ఇతన్ని పనిలోకి తీసుకున్నారు. ఆ పనితనం స్కార్జ్‌లతో తలపడినప్పుడు తెలిసొచ్చేది. స్కార్జ్ అంటే బల్లి జాతి రాక్షసులు, ముంజేతులకు కత్తులు. మనం కాల్చిన గుండు దూరంనుంచి రావడం చూసి పక్కకి దొర్లిపోయేవి. డూమ్ ఆటలో శత్రువులు ఎదురొచ్చి చచ్చిపోయేవాళ్ళు. ఇవి అట్టా కాదు, మన చెయ్యి ఎటు కదుల్తుందో కనిపెట్టేవి.

మొదటిసారి స్కార్జ్‌తో తలపడేది రజిగర్ గని అనే చోట. పొడుగాటి వరండా. నడుస్తుంటే తలుపు మూసుకుంటుంది. పైన దీపాలు ఒక్కటొక్కటే టక్ టక్మని ఆరిపోతాయి, దూరంనుంచి మన వైపుకి. పూర్తి చీకటి. కరెంటు కోతల ఊళ్ళో ఇది చూసినవాళ్ళెవరైనా మొదటిసారి తల తిప్పి పైన ఫ్యాన్ వంక చూడాల్సిందే. ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. అప్పుడు వెనకనుంచి దెబ్బ పడేది.

మాకు వూడూ కార్డులు లేవు. అన్‌రియల్ అసలందం చూడాలంటే త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డు ఉండాలని పత్రికల్లో రాసేవాళ్ళు, దాని ఖరీదుకి సగం సిస్టమ్ వచ్చేది. అయినా మా సిస్టమ్స్‌లోనే ఆ ఆట చూడ్డానికి బాగుండేది. ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కార్డు లేనప్పుడు బొమ్మంతా ప్రాసెసరే గీయాలి. మిగతా ఆటల్లో అట్టా గీసిన గోడ దగ్గరికెళ్తే పెద్ద పెద్ద గళ్ళు కనపడేవి. స్వీనీ ఆ గళ్ళ అంచుల్ని సన్న చుక్కలుగా చెదరగొట్టే ఉపాయం పెట్టాడు. దాంతో రాయి రాయిగా కనపడేది. రంగు దీపాల వెలుగులు కూడా కార్డు లేకుండానే పడేవి. పేద సిస్టమ్‌కి అంత మర్యాద ఇచ్చిన ఆట నేను ఇంకోటి చూళ్ళేదు.

నాపాలీలో నాలీలు అనే జాతి ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, నాలుగు చేతులతో. స్కార్జ్‌లు వాళ్ళ గ్రహాన్ని ఆక్రమించి, గనుల్లో బానిసలుగా పెట్టుకున్నాయి. వీళ్ళు ఎదురుతిరగరు. మోకాళ్ళ మీద కూచుని దండం పెట్టుకుంటారు. జలదేవుడికో గుడి, సూర్యుడికో గోపురం కట్టుకున్నవాళ్ళు. వాళ్ళని కాల్చకుండా వదిలేస్తే కొన్నిచోట్ల దాచిపెట్టిన గది తలుపు మనకి తెరిచి చూపిస్తారు. కాలిస్తే చచ్చిపోతారు, ఆట ఆపేదేమీ లేదు. మా సెంటర్లో ఆపేది అన్న. చతుర్భుజుడు చెన్నకేశవస్వామి కొండెక్కి కూచున్న ఊరు ఇది. "దండం పెట్టేవోణ్ణి కాలుస్తావేందిరా, లెగు" అని మౌస్ లాక్కునేవాడు. ఆటలో లేని నియమం ఒకటి ఒంగోలు కాపీలో ఉండేది.

నాలీల ఆవు కూడా ఉంటుంది. రెండు కాళ్ళ ఆవు! కంగారూ వాలకంలో ఒళ్ళు తూలిస్తూ నడుస్తుంది. బ్రెజిల్ దాకా మందలు మందలుగా పాకిపోయిన గిత్తల జాతి పుట్టిన గడ్డ మీద, ఆ రెండుకాళ్ళ ఆవుని చూసి మేం నవ్విన నవ్వు ఆ బొమ్మ గీసినవాడు ఊహించి ఉండడు.

విత్తనం గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే. దారిలో అక్కడక్కడా నాలీ విత్తనాలు దొరుకుతాయి. ఏరుకుని సంచిలో వేసుకోవచ్చు. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ఒకటి నేలమీద వేస్తే కళ్ళముందే మొలకెత్తి, పెరిగి, కాయ కాస్తుంది. దాన్ని తాకితే ప్రాణం వస్తుంది. షూటింగ్ ఆటలో వ్యవసాయం. ఇంకొల్లు వైపునుంచి వచ్చి ఒంగోల్లో రూములో ఉండి ఇంటర్ చదివే పత్తిరైతు కొడుకొకడు మాతో ఆడేవాడు. పత్తి మీద శనగపచ్చ పురుగు పడి, మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు తెచ్చిన కాలం అది. వాడు ఆ మొక్క పెరగడం చూసి ఏమీ నవ్వకుండా అడిగాడు: "ఇది ఏ కంపెనీ విత్తనంరా?" అప్పటినుంచి మా సెంటర్లో ఆ మొక్క పేరు కంపెనీ విత్తనం. వాడు మాత్రం సంచిలో ఉన్నవి ఎప్పుడూ వాడేవాడు కాదు, దాచుకునేవాడు. ఒక్క విత్తనమూ నాటకుండా, చచ్చీ బతికీ ఘట్టాలు దాటేవాడు.

కథంతా రాతల్లోనే ఉంటుంది. చేతిలో అనువాద యంత్రం ఒకటి ఉంటుంది, చచ్చినవాళ్ళ డైరీ ముక్కలు, నాలీల గోడ రాతలు ఇంగ్లీషులో చూపిస్తుంది. మాలో సగం మంది తెలుగు మీడియం. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్ని పెన్సిల్‌తో నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని, రూముకెళ్ళి డిక్షనరీ తీసేవాళ్ళం. ఎవడో నావికుడు బయటపడే దారి వెతుక్కుంటూ రాసిన నాలుగు ముక్కలు. ఆ ముక్కలు దొరికిన చోటే పక్కన వాడి శవం. మామూలు ఆటైతే తెర మీద పెద్దమనిషి వచ్చి కథంతా చెప్పేవాడు. ఇక్కడ మనమే కూడబలుక్కుని చదువుకోవాలి. బహుశా అందుకే అన్ని ముక్కలూ ఇంకా గుర్తున్నాయి.

పాటలు మాత్రం మేం సరిగ్గా విన్లేదు. సెంటర్లో స్పీకర్లు తగ్గించేసి, అన్న టేప్‌రికార్డర్లో చిరంజీవి పాటలు పెట్టేవాడు. అలెగ్జాండర్ బ్రాండన్, మిఖీల్ వాన్ డెన్ బోస్ చేసిన ఆ సంగీతాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది ఉద్యోగంలో చేరాక. అది రికార్డు చేసిన పాట కాదు. చిన్న చిన్న శబ్దాల్ని ఏ క్షణంలో ఏది మోగాలో రాసిపెట్టిన లెక్క. కంప్యూటర్ అప్పటికప్పుడు వాయిస్తుంది, శత్రువు మీదపడితే అదే పాట ఇంకో చరణంలోకి దూకుతుంది.

ఎందుకు మర్చిపోయారు? ఒక కారణం తేలిక. ఆరు నెలలకి, 1998 నవంబరులో, హాఫ్ లైఫ్ అనే ఆట వచ్చి మెప్పంతా ఎత్తుకుపోయింది. ఇంకో కారణం ఇంట్లోనే పుట్టింది. టోర్నమెంట్ ఆడినవాళ్ళకి అన్‌రియల్ అంటే పోటీ, అరుపులు, స్కోరు. 2003లో వచ్చిన రెండో భాగం నాపాలీ వైపు వెళ్ళనే లేదు. ఆ తర్వాత కంపెనీ దృష్టి ఆటమీంచి ఇంజిన్ మీదికి మళ్ళింది, మళ్ళడం తప్పూ కాదు. మొదటినుంచీ ఇతరులకి అద్దెకివ్వడానికి పనికొచ్చేలాగే స్వీనీ దాన్ని కట్టాడు. డ్యూస్ ఎక్స్ అనే ఆట దానిమీద నడిచింది, హ్యారీ పాటర్ మొదటి ఆట దానిమీద నడిచింది. ఇప్పుడు ఐదో తరం. సినిమాల్లో నటుల వెనక పెద్ద ఎల్ఈడీ గోడలు పెట్టి, అందులో అడవో ఎడారో చూపిస్తూ షూటింగ్ చేస్తారు కదా, ఆ గోడల వెనక సాధారణంగా నడిచేది ఈ ఇంజినే. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్, క్యూబ్ సినిమా కలిసి అట్టాంటి వేదిక ఒకటి పెట్టాయి.

మా మేనల్లుడు హైదరాబాదులో ఆ విద్యే నేర్చుకుంటున్నాడు. పండక్కి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో తను చేసిన అడవి చూపించాడు. ఆకు ఆకు మీద ఎండ పడుతోంది. "బాగుందిరా, అన్‌రియల్‌లో జలపాతం కూడా ఇట్టాగే..." అని మొదలుపెట్టాను.

"అన్‌రియల్ గేమ్ ఏంటి మావయ్యా? అది ఇంజిన్ కదా."

వాడి తప్పేం లేదు. వాడు చూడాలనుకున్నా కొనడానికి లేదు. 2022 డిసెంబరులో ఎపిక్ సంస్థ తన పాత ఆటల్లో చాలావాటిని ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేసింది. అన్‌రియల్ మొదలు టోర్నమెంట్‌ల దాకా అన్నీ. తర్వాతి నెల 24న పాత సర్వర్లూ ఆపేసింది. ఫోర్ట్‌నైట్ ఆట మీద లెక్కలేనంత సంపాదిస్తున్న సంస్థ, పేరు తెచ్చిన మొదటి ఆటని అంగడిలో ఉంచలేకపోయిందంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పాతికేళ్ళనాటి చిన్న ఫైలు అది, ఎంత చోటు తింటుంది? ఇంజిన్ మిగిలింది, గ్రహం పోయింది.

పూర్తిగా పోలేదనుకోండి. ఓల్డ్ అన్‌రియల్ అనే పేరుతో కొందరు అభిమానులు ఏళ్ళ తరబడి ఆ పాత కోడ్‌కి మరమ్మతులు చేస్తున్నారు, కొత్త విండోస్‌లో నడిచేట్టు. 2024లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న కాపీల్ని ఎవరైనా దించుకుని ఆడుకోవచ్చని ఎపిక్ కూడా ఒప్పుకుంది. అంటే మా రిచీ స్ట్రీట్ సీడీ ఇరవై నాలుగేళ్ళకి ధర్మబద్ధమైంది.

ఆ సీడీలో ఆటతో పాటు ఇంకొకటి ఉండేది. అన్‌రియల్ఎడ్, ఘట్టాలు కట్టుకునే పనిముట్టు. అసలు ఆట కట్టినవాళ్ళు వాడిందే, జనానికి ఇచ్చేశారు. మాకెవరికీ అది అంతుబట్టలేదు. తెరవగానే ఖాళీ తెర, మధ్యలో ఎర్ర గీతలతో ఒక డబ్బా. గోడ పెడదామని చూస్తే కుదరదు. చీమకుర్తినుంచి రోజూ బస్సులో వచ్చి డిగ్రీ చదివే స్నేహితుడొకడు ఉండేవాడు, వాళ్ళ నాన్న బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. వాడు కాసేపు చూసి తేల్చేశాడు. "ఇది ఇల్లు కట్టడం కాదురా. క్వారీ. ముందే అంతా రాయుంది. మనం తవ్వుకుంటా పోవాలి." నిజమే. అన్‌రియల్‌లో లోకమంతా మొదట ఘనంగా నిండి ఉంటుంది. ఆ ఎర్ర డబ్బాని కావలసిన కొలతకి మార్చి, అంత మేర తీసెయ్యమంటే అక్కడ గది పుడుతుంది. గది పక్కన ఇంకో డబ్బా తీసేస్తే వరండా. తవ్వినచోట మళ్ళీ రాయి నిలబెడితే స్తంభం. బ్లాకు తీయడానికి ఎక్కడ డ్రిల్లు పెట్టాలో నాన్న దగ్గర చూసినవాడికి ఇదొక లెక్కా?

వాడు ఒంగోలు కొండ కట్టడం మొదలుపెట్టాడు. ముందు పెద్ద శూన్యం తవ్వి, అందులో కొండని నిలబెట్టి, పక్కన మెట్లు పేర్చుకుంటూ. కాగితం మీద కొలతలు వేసుకుని వచ్చేవాడు. పైన గుడి ముందు నిలబడి చూస్తే కింద ఊరు కనపడాలని వాడి పంతం. ఊరు కట్టే ఓపిక లేక, కింద మొత్తం నీళ్ళు నింపుదామని నేనన్నాను. నైలీవ్ దగ్గర మడుగులో వాడిన నీళ్ళే. మెట్ల దగ్గరే అసలు చిక్కు వచ్చింది. ఈ ఆటలో మెట్టు ఎత్తు ఒక హద్దు దాటితే మనిషి ఎక్కలేడు, ఒక్కో మెట్టుకీ గెంతాలి. తగ్గిస్తే మెట్ల సంఖ్య పెరుగుతుంది, పెరిగితే 32 ఎంబీ ర్యామ్ చాలక సిస్టమ్ హ్యాంగైపోతుంది. సగం మెట్లెక్కాక పరీక్షలొచ్చాయి. సెలవుల తర్వాత వెళ్ళేసరికి వైరస్ పడిందని అన్న హార్డ్‌డిస్కులన్నీ ఫార్మాట్ కొట్టించేశాడు. ఇంకో రెండేళ్ళకి సెంటరూ తీసేశాడు. ఆ మేడమీద ఇప్పుడు కోచింగ్ సెంటరుంది.

చీమకుర్తివాడు ఇప్పుడు కృష్ణపట్నం పోర్టునుంచి రాయి ఎగుమతుల లెక్కలు చూస్తాడు. మొన్న ఫోన్‌లో ఆర్కైవ్ సంగతి చెప్పాను. ఆట ఉచితంగా దొరుకుతుందంటే "ఓహో" అన్నాడు, అంతే. స్కార్జ్‌ల గురించి, నాలీల గురించి గుర్తుచేశాను. ఊఁ కొట్టాడు. లారీ హారన్లు వినపడుతున్నాయి, ఎవరితోనో బిల్లు గురించి పక్కకి తిరిగి మాట్లాడి మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"ఎడిటర్ కూడా ఉంటదా అందులో?"

"ఉంటది."

"మెట్టుకి ఎన్ని యూనిట్లు పెట్టాం మనం?"

"పదహారు," అన్నాను.